మనసు బాగోలేనప్పుడు వెళ్లే గది ఏది?

మా పిన్నికి ఎనిమిది నెలలపాటు గుండెదడ తగ్గలేదు. బాబాయి పోయిన రెండో నెలలో మొదలైంది. అర్ధరాత్రి మెలకువ వచ్చేది, ఒళ్లంతా చెమటలు పట్టేవి, ప్రాణం పోతోందని కొడుకును లేపేది. ఈసీజీ తీశారు, ఎకో తీశారు, థైరాయిడ్ చూశారు. చివరికి ‘నరాల డాక్టరు’ దగ్గర తలకు స్కానింగ్ కూడా అయింది. ఆ రిపోర్టులన్నీ బట్టల షాపు కవర్లో పెట్టుకుని ఊరూరా తిరిగింది. ప్రతిచోటా ఒకటే మాట: “అన్నీ నార్మలేనమ్మా, టెన్షన్ పెట్టుకోకండి.” పెట్టుకోకుండా ఎలా ఉండాలో, అందుకు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక్కరూ చెప్పలేదు.

మానసిక ఆరోగ్యం మీద ఏ సభ జరిగినా మన జనానికి సిగ్గు ఎక్కువనీ, అపోహలు ఎక్కువనీ వక్తలు బాధపడతారు. అందులో కొంత నిజముంది. ఎర్రగడ్డ అనే పేటలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న పాపానికి ఆ పేరునే తిట్టుగా వాడేసుకున్న వాళ్లం మనం. కానీ పిన్ని సిగ్గుపడలేదు. కనిపించిన ప్రతి డాక్టరుకూ చెప్పుకుంది. దిగులు, గుబులు, బెంగ, పరధ్యానం, మనసు మనసులో లేకపోవడం... ఈ బాధకు తెలుగులో మాటలకు కరువా? ఆ మాటలు విని, ‘ఇదిగో, ఈ గదికి వెళ్లండి’ అని చెప్పే ఏర్పాటుకే కరువు.

దేశంలో ఈ కరువును కొలిచిన పెద్ద లెక్క బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. పెద్దవాళ్లలో 10.6 శాతం మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేలింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

అయితే మన గడ్డమీదే జరిగిన ఒక ప్రయత్నం ఉంది. దానికి రావలసినంత పేరు రాలేదు. సుమారు పదేళ్ల కిందట అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో ఒక పని మొదలుపెట్టారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా అని అడిగేవారు. ఇబ్బంది ఉన్నట్టు తేలితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపేవారు. అక్కడి మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకు ఏం అడగాలో, ఏం చేయాలో ట్యాబే దారి చూపేది. మానసిక బాధ అంటే భయపడనక్కర్లేదని ఊళ్లో ముందుగానే ప్రచారం చేశారు. అంతకుముందు బాధితుల్లో వైద్యసాయం తీసుకుంటున్నవారు 0.8 శాతం. ఆ తర్వాత 12.6 శాతం. ఇదీ చిన్న సంఖ్యే, ఒప్పుకోవాలి. కానీ సిగ్గుతో ముడుచుకుపోతారని మనం అనుకునే ఏజెన్సీ జనమే, తెలిసిన ఆశా వచ్చి అడిగేసరికి లేచి ఆస్పత్రికి నడిచారు.

ఆస్పత్రికి చేరాక మందులొక్కటే సరిపోవు, కూర్చోబెట్టి మాట్లాడేవారు కావాలి. అంతమంది సైకాలజిస్టులు ఎక్కణ్నుంచి వస్తారని ప్రభుత్వాలు అడుగుతాయి. గోవాలో సంగత్ సంస్థ దీనికి జవాబు చూపించింది. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడించింది. మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడం, ఎదురైన చిక్కును విడదీసి చూపడం అందులో ప్రధానం. మూడు నెలలకు అలా కౌన్సెలింగ్ అందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, అందనివారిలో 39 శాతం. లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఫలితమిది. గోవాలో అయిన పని గోదావరి జిల్లాల్లో ఎందుకు కాదు?

అది జరిగేదాకా మనిషి తన దారి తాను వెతుక్కోవలసిందే. అందుకు ఎవరెవరో తెలియాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివాక మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పద్ధతి ప్రకారం మాటలతో చికిత్స చేస్తారు. వీరికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ నంబరు అడగడం మన హక్కు. కౌన్సెలర్ అన్న బోర్డుకు మాత్రం ఇంత కట్టుదిట్టం ఇంకా కుదరలేదు. అందుకే మొదటిరోజే చదువు, శిక్షణ, ఫీజు, ఎన్ని విడతలు పట్టవచ్చు అని మొహమాటం లేకుండా అడగాలి. ఒక్క సిట్టింగులో నయం చేస్తామన్న చోట కూర్చోకండి. రెండు మూడు విడతలయ్యాక కూడా మనసు విప్పలేకపోతే మనిషిని మార్చుకోవచ్చు, అది తప్పు కాదు. డబ్బు లేనివారికి ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది.

చట్టం విషయానికొస్తే లోటు లేదు. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కు చేసింది, చెప్పుకున్న సంగతి గోప్యంగా ఉండాలంది. శరీర రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలనీ చెప్పింది. ఆచరణలో చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, వారం వారం వెళ్లే థెరపీకి జేబులోంచే కట్టుకోవాలి. విద్యార్థుల విషయంలో కోర్టు కూడా మాట్లాడింది. విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పునిస్తూ, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. మీ పిల్లల కాలేజీలో ఆ మనిషి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో ఫీజు కట్టేటప్పుడే అడగండి.

పిన్ని చివరికి ఒక సైకాలజిస్టు దగ్గరికి చేరింది, అదీ మా అమ్మాయి స్నేహితురాలు చెబితే. ఆ సైకాలజిస్టు రిపోర్టుల కవరు పక్కన పెట్టించి, “మీ ఆయన గురించి చెప్పండమ్మా” అంది. ఎనిమిది నెలల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు. పిన్ని ముప్పావుగంట మాట్లాడింది, ఏడ్చింది. దడ ఆ రోజే పోలేదు, నాలుగైదు నెలలు పట్టింది. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతోంది.

అందరికీ అలా చెప్పే స్నేహితురాలు ఉండదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెలుగులో మాట్లాడే, శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ నియమించాలి. ఈలోగా 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. గ్యాస్ నంబరు పక్కన, గోడమీది క్యాలెండరుపై ఈ నంబరు కూడా రాసిపెట్టండి: 14416.