మంచి మనసు చాలునా?

సంఘసేవ అనగానే తెలుగునాట చాలామంది మనస్సులో మెదిలే దృశ్యం ఒకటి ఉంది. పుట్టినరోజునాడో, ఎవరిదో జయంతినాడో కొందరు పెద్దలు ప్రభుత్వాసుపత్రికి వెళ్తారు. రోగుల చేతుల్లో రెండు అరటిపళ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పెడతారు. ఫొటో తీయించుకుంటారు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది. ఆ పళ్లు తిన్నవారికి ఆ పూట కొంత ఊరట కలిగిన మాట నిజమే. దాన్ని తప్పుపట్టవలసిన అవసరం లేదు. కాని ఆ మంచం మీది మనిషి ఇంటికి చేరాక మందులు ఎవరు కొంటారు, కూలికి పోలేని నెలరోజులూ ఇల్లెలా గడుస్తుంది, రావలసిన పింఛను ఏ కాగితం లేక ఆగిపోయింది అన్న ప్రశ్నలు పళ్లబుట్టతో తీరేవి కావు. వాటికి సమాధానం వెతకడం ఒక వృత్తి. దానికి చదువు కావాలి, శిక్షణ కావాలి, వీటితోపాటు ఏది చేయవచ్చునో ఏది చేయరాదో తేల్చుకోగల వివేకం కావాలి. దయార్ద్రహృదయులందరికీ ఇవి పుట్టుకతో రావు.

ఈ సంగతిని ప్రపంచం గుర్తించి నూరేళ్లు దాటింది. అమెరికాలో దానధర్మ సంఘాలలో పనిచేసిన మేరీ రిచ్‌మండ్ 1917లో ‘సోషల్ డయాగ్నోసిస్’ అనే గ్రంథాన్ని ప్రచురించింది. సహాయం కోరివచ్చిన కుటుంబాన్ని గురించి వాస్తవాలు సేకరించి, వాటిని సరిచూసుకొని, ఆ తరువాతనే ఒక నిర్ణయానికి రావాలన్నది ఆమె బోధన సారాంశం. వినడానికి ఇది సామాన్యమైన మాటగానే తోస్తుంది. అంతకుముందు దాత మనస్సుకు తోచిందే తీర్పుగా ఉండేదని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది. మన దేశంలో 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట సంఘసేవను బోధించే తొలి కళాశాల వెలసింది. నాగ్‌పాడా ప్రాంతపు పేదల మధ్య పనిచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ దానికి తొలి సంచాలకుడు. 1944లో ఆ సంస్థ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా పేరు మార్చుకుంది.

తెలుగువారికి ఈ రంగంలో మొదట గుర్తుకు వచ్చే పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద పద్నాలుగేళ్ల ఆ బాలిక స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపివేసిన కథ ప్రసిద్ధం. టిక్కెట్టు కొన్న తరువాతనే ఆయనను లోపలికి పోనిచ్చింది. ఆ కథను పిల్లలకు క్రమశిక్షణపాఠంగా చెబుతుంటారు. అది సబబే. అయితే ఆమె జీవితంలో అంతకంటే గమనించవలసినది మరొకటి ఉంది. జైలుజీవితం గడిపివచ్చిన తరువాత ఆమె ఆగిన చదువును మళ్లీ అందుకొని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టా పుచ్చుకొని, మద్రాసులో న్యాయశాస్త్రం చదివింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించింది. 1953లో కేంద్ర సంఘసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. ద్వారం దగ్గర నియమాన్ని తు.చ. తప్పక పాటించడం ఒక గుణం. నియమం మౌనంగా ఉన్నచోట, లేదా రెండు నియమాలు ఎదురెదురుగా నిలిచినచోట దారి చూడటం వేరొక గుణం. రెండోదానికే చదువు అవసరమవుతుంది.

అది ఎంత కష్టమో తెలియడానికి ఒక సందర్భాన్ని ఊహించుకోవచ్చు. జూనియర్ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న 16 ఏళ్ల అమ్మాయికి మూడు వారాలలో పెళ్లి నిశ్చయమైంది. వారానికొకసారి ఆ ఊరికి వచ్చే సోషల్ వర్కర్ దగ్గర ఆమె నోరు విప్పుతుంది. “మేడమ్, మీకొక మాట చెప్పాలి. ఎవరికీ చెప్పనని ముందు మాటివ్వండి. నాన్నకు తెలిస్తే చంపేస్తాడు” అంటుంది.

మాట ఇవ్వడం చాలా సులువు. అమ్మాయి కన్నీళ్లు చూసి కరిగిపోయిన ఏ మంచిమనిషైనా ఇచ్చేస్తాడు. ఇచ్చినవాడు దానికి కట్టుబడితే పెళ్లి జరిగిపోతుంది. కట్టుబడకపోతే పెద్దవాళ్ల మాట నమ్మరాదని ఆ అమ్మాయి జీవితాంతం నేర్చుకున్నట్లవుతుంది. శిక్షణ పొందిన సోషల్ వర్కర్ అందుకే ఆ మాట ఇవ్వదు. “నువ్వు చెప్పేది నలుగురిలో పెట్టను. కాని నీకు ప్రమాదమని తోస్తే నిన్ను కాపాడగలవారికి చెప్పక తప్పదు. ఎవరికి చెబుతానో, ఎప్పుడు చెబుతానో ముందుగా నీకు చెప్పే చేస్తాను” అని కథ వినకముందే స్పష్టం చేస్తుంది. గోప్యత అనే నీతికి ఒక హద్దు ఉన్నదనీ, ఆ హద్దును ముందుగా చెప్పడమే నిజాయితీ అనీ ఆమెకు తెలుసు. ఈ ఒక్క వాక్యాన్ని సరైన సమయంలో అనగలగడానికే రెండేళ్ల శిక్షణ వెచ్చించినా వృథా కాదు.

తరువాత విషయజ్ఞానం అక్కరకు వస్తుంది. 1929 నాటి శారదా చట్టం స్థానంలో వచ్చిన 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండాలి. పెళ్లిని ఆపమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును ధిక్కరించి జరిపిన పెళ్లి చెల్లదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోయిన పెళ్లిని మాత్రం ఆ అమ్మాయి 20 ఏళ్లు నిండేలోగా న్యాయస్థానంలో రద్దు చేయించుకోవలసి ఉంటుంది. అంటే పెళ్లికి ముందు ఒక్కరోజులో అయ్యే పని, తరువాత ఏళ్లతరబడి సాగే వ్యాజ్యంగా మారుతుంది. పెళ్లి ముప్పున్న బాలికను సంరక్షణ అవసరమైన బిడ్డగా 2015 నాటి బాలల న్యాయచట్టం గుర్తిస్తుంది. ఆమెను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచవచ్చు. ఈ మెలకువలు తెలియనివారు పెళ్లిరోజున పందిట్లోకి పోలీసులను తీసుకురావడమే శౌర్యమనుకుంటారు.

ఇక ఆ కుటుంబం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఇంతమంది తల్లిదండ్రులు కర్కోటకులని ఎవరూ అనలేరు. వయస్సు పెరిగేకొద్దీ కట్నం పెరుగుతుందన్న భయం, వలసపోయేటప్పుడు ఎదిగిన పిల్లను ఎవరికి అప్పగించాలన్న బెంగ, కాలేజీ దూరం, ‘ప్రేమ’ అనే మాట వినబడితే ఊళ్లో తల ఎత్తుకోలేమన్న పరువు, కళ్లు మూయకముందే మనుమరాలి పెళ్లి చూడాలన్న నాయనమ్మ కోరిక, ఇవన్నీ కలిసి ఆ ముహూర్తాన్ని పెట్టిస్తాయి. తండ్రిని నేరస్థుడిగా నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే ఆ రోజుకు పెళ్లి ఆగవచ్చు. వారం తరువాత పక్క రాష్ట్రంలో చుట్టాలింట్లో మూడు ముళ్లు పడతాయి. అందుచేత బాల్యవివాహ నిషేధ అధికారికి తెలియజేయడంతోపాటు, తండ్రి భయాలకు బదులు చెప్పగలగాలి. అమ్మాయి ఇంటర్మీడియట్ ముగించడానికి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం వంటి వసతి ఎక్కడ ఉందో, అందులో ఖాళీ ఉందో లేదో కనుక్కొనే ఆ ఇంటి గడప తొక్కాలి. అప్పటికీ తండ్రి వినకపోవచ్చు. ఇంట్లో ఉంటే అమ్మాయికి దెబ్బలు తప్పవని తోస్తే, ముందు ఆమెను సురక్షితమైన చోటికి చేర్చి ఆ తరువాతనే ఆయనతో మాట్లాడాలి. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఏ చట్టంలోనూ రాసి లేదు.

పెళ్లి ఆగిందని పత్రికలకు ఫొటో ఇచ్చే ఉత్సాహపరులు కూడా ఉంటారు. అటువంటి బిడ్డ పేరు, చిత్రం, చదివే పాఠశాల వెల్లడించరాదని 2015 చట్టం స్పష్టంగా చెబుతున్నది. చట్టం చెప్పకపోయినా, మళ్లీ అదే కాలేజీకి అదే బస్సులో వెళ్లవలసిన పిల్ల గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

ఇదే మాటను మరొకరి నోట వినవచ్చు. 70 ఏళ్ల తల్లి. కొడుకు అన్నం సరిగా పెట్టడు, పొలం రాయించుకున్నాడు. ఆమె కూడా “ఎవరికీ చెప్పకు నాయనా, వాడి పరువు పోతుంది” అనే అంటుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆమె ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి భరణం కోరవచ్చు. సంరక్షిస్తాడన్న షరతుమీద రాసిచ్చిన ఆస్తిని తిరిగి పొందే మార్గమూ అందులో ఉంది. ఆవేశపరుడైన యువకుడు వెంటనే అర్జీ రాసేస్తాడు. కాని ఆమె బాలిక కాదు. తన జీవితాన్ని గురించి నిర్ణయించుకునే హక్కు ఉన్న వయోజనురాలు. ఆమె కాదన్నప్పుడు ఆ కాదనడానికి మూలం ప్రేమా, భయమా, చట్టం తెలియకపోవడమా అని ఓర్పుతో తెలుసుకోవడం సోషల్ వర్కర్ వంతు. భయమైతే దాన్ని తీర్చాలి, తెలియకపోతే తెలియజెప్పాలి. అన్నీ తెలిసి, భయం లేకుండా ఆమె వద్దంటే ఆగవలసిందే. ఆగి, అయినా ప్రతి వారమూ పలకరించడం మానకూడదు. పదహారేళ్ల పిల్లా డెబ్బై ఏళ్ల తల్లీ ఒకే మాట అన్నారు. ఒకచోట ఆ మాటను దాటడమే ధర్మం, మరొకచోట దాన్ని మన్నించడమే ధర్మం. దయ ఒక్కటే ఉన్నవాడికి ఈ తేడా కనిపించదు. ఇద్దరిమీదా అతనికి ఒకే జాలి కలుగుతుంది.

చట్టమే ఈ వివేచనను వృత్తినిపుణుల చేతిలో పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం రోగి స్థితిని రహస్యంగా ఉంచాలంటుంది. అయినా జీవిత భాగస్వామికి వ్యాధి సోకే గట్టి ప్రమాదం ఉన్నదని వైద్యుడు గాని కౌన్సెలర్ గాని సహేతుకంగా నమ్మితే, రోగి తానే చెప్పేటట్లు నచ్చచెప్పి చూసి, అతడు చెప్పడని తేలితే, తాను చెప్పబోతున్నట్లు ముందుగా అతనికి తెలిపి, ఆ తరువాత భాగస్వామికి స్వయంగా వివరించవచ్చునన్నది. రోగి స్త్రీ అయి, భర్తకు తెలిస్తే కొడతాడనో వెళ్లగొడతాడనో సహేతుకమైన భయం ఉంటే చెప్పరాదని కూడా అదే నిబంధన అంటున్నది. ‘సహేతుకమైన’ అన్న ఆ విశేషణంలోనే వృత్తి భారమంతా ఉంది. ఆ ఇంటి స్థితిగతులు, ఆమె పుట్టింటి ఆసరా, భర్త స్వభావం తెలిసినవారే దాన్ని తూచగలరు. దీనికి భిన్నంగా, పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశిస్తుంది. అక్కడ ఫిర్యాదు చేయాలా వద్దా అన్న తర్జనభర్జనకు తావు లేదు. ఎక్కడ తావు ఉన్నదో, ఎక్కడ లేదో ఎరగడం కూడా చదువులో భాగమే.

వృత్తి అయిపోతే సేవలో ఆర్ద్రత ఇంకిపోతుందని కొందరి ఆక్షేపణ. ఫారాలు, ఫైళ్లు, జీతాలు వచ్చాక మనిషి కేసు నంబరుగా మారతాడని వారి బాధ. ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. అయితే దానికి కారణం చదువు కాదు. ఒక్కరి నెత్తిన మోయలేనన్ని కుటుంబాల బాధ్యత పెట్టి, ఏడాదికొకసారి ఒప్పందం పొడిగిస్తూ, నెలాఖరుకు ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్క మాత్రమే అడిగే పద్ధతి కారణం. వివేచన తీరిక ఉన్న మనస్సులో పుడుతుంది. శిక్షణకాలంలో విద్యార్థి క్షేత్రంలో చేసిన ప్రతి పనినీ రాసి అధ్యాపకునికి చూపించడం, “ఇలా ఎందుకు చేశావు?” అన్న ప్రశ్నకు బదులు చెప్పుకోవడం సంఘసేవ విద్యలో చిరకాలంగా ఉన్న ఆచారం. ఉద్యోగంలో చేరాక అలా అడిగేవారు కరువవుతున్నారు.

వైద్యుడు వృత్తిధర్మం తప్పితే వైద్యమండలి ఉంది. న్యాయవాది తప్పితే బార్ కౌన్సిల్ ఉంది. మానసిక వైద్యరంగంలో పనిచేసే సోషల్ వర్కర్ల అర్హతలను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచించింది. ఆసుపత్రులలో పనిచేసే సోషల్ వర్కర్లను 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం తన పరిధిలోకి తెచ్చింది. కాని ఊళ్లలో, మురికివాడల్లో, బాలల సదనాల్లో పనిచేసేవారితో సహా ఈ వృత్తి మొత్తానికి ఒక జాతీయ మండలి దేశంలో లేదు. ఎవరైనా తమను తాము సోషల్ వర్కర్ అని చెప్పుకోవచ్చు. ఆ పదహారేళ్ల అమ్మాయి చెప్పిన రహస్యాన్ని అలాంటివారెవరైనా ఆమె మేనమామ చెవిన వేస్తే, ఆ తప్పుకు వృత్తినుంచి తొలగించే అధికారం ఎవరికీ లేదు. తొలగించడానికి ముందుగా వారిని వృత్తిలో చేర్చుకున్నవారు ఉండాలి కదా!