బాడుగ లారీల తనిఖీ రైతునకు అక్కరలేనిదా?



శనగలు నూర్పిడియై బస్తాల కెక్కు దినములందును, పులివెందుల వైపునుండి చీనీకాయలు, అరటిగెలలు ఉత్తరదేశమునకు పోవు దినములందును మనవారు తఱచుగా చెప్పుకొను ఫిర్యాదు ఒకటి కలదు. "లారీని దారిలో నిలిపినారు, కాగితములు చూపుమన్నారు, కాటాకు తోలించినారు, సరకు ఒక పూట ఆలస్యమై మండీలో ధర పడిపోయినది" అని. ఈ మాటలో అసత్యము లేదు. ఎండలో నిలిచిన చీనీకాయ తూకము తగ్గును, అరటి మెత్తబడును. ఆ నష్టము భరించువాడు తనిఖీదారుడు కాడు, లారీయజమానియు కాడు, రైతే. అయినను ఈ తనిఖీలన్నియు సర్కారునకును లారీవానికిని నడుమ జరుగు తగవులనియు, మనకు వానితో నిమిత్తము లేదనియు తలచుట సరిగాదని నా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు గల కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాను.

మైలవరమునుండి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరికి పోవు దారిలో తిరుగునవి మన పంటల లారీలు మాత్రమే కావు. ఎర్రగుంట్ల సిమెంటు, ముద్దనూరి విద్యుత్కేంద్రపు బూడిద, నాపరాళ్లు, కంకర, ఇసుక, ఇవన్నియు ఈ దారులనే పట్టి పోవుచున్నవి. తాడిపత్రినుండి ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరుల మీదుగా కృష్ణపట్నపు రేవునకు సాగు 67వ జాతీయరహదారి రాత్రింబవళ్లు నిద్రలేనిది. ఆ దారిలోనే మన ట్రాక్టర్లు, మేకలమందలు, బడికి పోవు పిల్లలు. కావున బ్రేకులు పట్టని లారీ ఎవరిదైనను, దాని యెదుటికి వచ్చునది మన ఊరివారే.

ఇక మన సరకు మోయు లారీల సంగతి. 2025 జూలై 13వ తేదీన, నాడు అన్నమయ్య జిల్లాలో నుండిన పుల్లంపేట మండలమున, రెడ్డిపల్లె చెరువు కట్టమీద మామిడికాయల లారీ బోల్తాపడి తొమ్మండుగురు కూలీలు చనిపోయిరి. వారు పగలంతయు తోటలో కాయలు కోసి, ఆ కాయల మీదనే కూర్చుండి రైల్వేకోడూరికి మరలుచుండిరి. అంతకుముందు, 2024 సెప్టెంబరులో, తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలమున జీడిపిక్కల బస్తాల లారీ తిరుగబడి బస్తాల క్రింద ఏడుగురు ప్రాణములు విడిచిరి. ఈ రెండుచోట్లను చచ్చినవారు లారీయెక్కి సుఖముగా ప్రయాణము చేయదలచినవారు కారు. పంటను కోసి, మోసి, ఎత్తిన చేతులవి. వారు సరకు మీద కూర్చుండుట రైతు చూచుచునే యుండును, వ్యాపారి చూచుచునే యుండును, డ్రైవరు చూచుచునే యుండును. వేఱొక బండి కట్టించిన బాడుగ యెవరు పెట్టవలెనను ప్రశ్న వచ్చును గనుక ఎవరును నోరు మెదపరు.

ఇట్టి ప్రమాదము జరిగినప్పుడు బీమా యేమగునో మనలో చాలమంది యెఱుగరు. సరకులబండిలో ఊరక ఎక్కించుకొని పోవు మనుష్యులకు బీమాకంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. సరకు యజమానికిగాని ఆయన తరపువానికిగాని 1994 నాటి సవరణ రక్షణ కల్పించినది, నిజమే. కాని ఆ రక్షణ డ్రైవరు ప్రక్కన గదిలో కూర్చుండి పోవువానికే గాని సరకు మీద కూర్చుండినవానికి కాదని అదే న్యాయస్థానము 2007లో ఆంధ్రప్రదేశపు వ్యాజ్యములందే తేల్చినది. బస్తాలమీద కూర్చుండి చనిపోయిన కూలి యొక్క ఆలుబిడ్డలు కోర్టుచుట్టు ఏండ్ల తరబడి తిరుగవలసి వచ్చుట ఇందువలననే. 2025 మే నెలలో వచ్చిన కేంద్రపథకము ప్రకారము రోడ్డుప్రమాదమున గాయపడినవారికి మొదటి ఏడు దినములు లక్షన్నర రూపాయలవరకు సొమ్ము చెల్లింపకయే వైద్యము దొరకును. అది మంచిదే. కాని పోయినవానికి అది యేమి చేయును? ట్రాక్టరు ట్రాలీలలో కూలీలను తోలుకొని పోవువారును ఈ మాట చెవిని పెట్టుట మంచిది.

మోటారుబండ్లను రిజిస్ట్రీ చేయుట క్రొత్త విషయము కాదు. మనదేశమున 1914లోనే అందులకు చట్టము వచ్చినది. 1939 నాటి చట్టము సరకులబండ్లకు పర్మిటును, ఇతరులకు కలుగు హానికై నిర్బంధబీమాను తెచ్చినది. 1989 జూలైనుండి అమలగుచున్న 1988 నాటి చట్టమే నేటికిని ఆధారము. దాని ప్రకారము యోగ్యతాపత్రము, అనగా వాడుకలో ఫిట్‌నెస్సు, లేని లారీ అసలు రిజిస్ట్రీయే లేని బండితో సమానము. ఎనిమిదేండ్లలోపు బండికి రెండేండ్లకొకసారియు, అంతకు ముదిరినదానికి ఏటేటను పరీక్ష జరుగవలెను. 2015 అక్టోబరు తరువాత తయారైన లారీలకు గంటకు 80 కిలోమీటర్లు మించకుండ వేగమును బిగించు సాధనముండవలెను. బ్రేకులు, దీపములు, పొగ మొదలగువానిని మనిషి కన్నుతో గాక యంత్రముతో పరీక్షించు కేంద్రములకై 2021లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసినది. వాని గడువులు పలుమారులు వెనుకకు జరిగినవనుట వేఱు సంగతి.

బరువు విషయమున 2018 జూలైలో సర్కారు కొంత సడలింపు చూపినది. ముందు రెండు, వెనుక నాలుగు చక్రములు గల లారీ సరకుతో గూడ 16.2 టన్నులుండవచ్చునన్న పాత హద్దును 18.5 టన్నులకు పెంచిరి. మఱియొక ప్రక్క 2019 సవరణలో అధికబరువునకు జరిమానాను 20,000 రూపాయలుగను, హెచ్చిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలుగను చేసిరి. ఆ పైన హెచ్చుసరకును అక్కడనే దింపింపవలెను. ఒక లెక్క చూతము. ఖాళీలారీ 6.5 టన్నులనుకొందము. అది మోయదగినది 12 టన్నులు, అనగా 120 క్వింటాళ్లు. మన రైతు బేరమాడి 160 క్వింటాళ్ల శనగలు ఎక్కించెననుకొందము. పట్టుబడినచో 28,000 రూపాయల జరిమానా. ఆ నలుబది క్వింటాళ్ల మీద మిగుల్చుకొన్న బాడుగ ఇందులో ఎన్నవ వంతో ఎవరి లెక్క వారు చేసికొనవచ్చును. చట్టము నడపినవానినే గాక నడపించినవానిని కూడ పట్టునని మరువరాదు.

"పట్టుబడినప్పుడు గదా" అని నవ్వువారున్నారు. పట్టుబడనిచో ఖర్చు లేదా? టైరు పగులును, బ్రేకు జారును, మలుపులో బండి ఒరుగును. మన పంచాయతీరోడ్డు రెండు వానలకే గుంటలు పడుటకు కాంట్రాక్టరు ఒక్కడే కారణము కాడు.

ఇక్కడ ఒక నిష్ఠురము పలుకక తప్పదు. లారీవాడు హద్దుమీఱి ఎక్కించుకొనుటకు అతని దురాశ కొంతయే కారణము, మన బేరము మఱికొంత. టన్నుకు ఇంత బాడుగయని గాక, లారీకి ఇంతయని కుదుర్చుకొని, "ఎంత పట్టిన అంత ఎక్కించుము" అనుట మన మండీలలో ఆచారము. అట్టి బేరమున నిజాయితీగల లారీయజమాని, హద్దునకు లోబడి ఎక్కించుకొనువాడు, బాడుగ దొరకక ఇంట కూర్చుండును. వాయిదాలు కట్టలేక కడకు అతడును అందఱివలెనే చేయును. తనిఖీ సమముగ, అందఱిమీదను జరిగినప్పుడే అట్టివాడు బ్రదుకగలడు. ఒకనిని పట్టి పదిమందిని వదలిన తనిఖీ, తనిఖీ లేకుండుటకంటె చెడ్డది. పట్టుబడినవాడు చట్టమును గాక తన దురదృష్టమును దూషించును.

సర్కారు పద్ధతిలోని లోపమును కూడ చెప్పవలెను. మనదేశమున పరీక్ష ప్రధానముగా బండికి జరుగుచున్నది, బండిని నడిపించు వ్యాపారికి కాదు. అమెరికాదేశమున రాష్ట్రమునుండి రాష్ట్రమునకు సరకు తోలు ప్రతి సంస్థకును ప్రభుత్వమొక నంబరు నిచ్చును. దానిని లారీకి ఇరుప్రక్కల వ్రాయవలెను. ఆ నంబరు చెప్పినచో ఆ సంస్థ లారీలు ఎన్నిసార్లు తనిఖీ అయినవో, ఎన్ని దోషములు బయటపడినవో, ఎన్ని ప్రమాదములు జరిగినవో సామాన్యుడు కూడ చూడగలడు. భద్రత చాలదని తేలిన సంస్థను వ్యాపారము మానుమందురు. అక్కడను మూతపడిన సంస్థ పేరు మార్చుకొని మరల రోడ్డెక్కుట వినుచున్నాము గనుక అది లోపరహితమని నేననను. అయినను ఎవరి లారీలు తఱచు బోల్తాపడుచున్నవో అడిగిన తెలియు ఏర్పాటు మనకు లేదు.

అందులకు పునాది మాత్రము మన చట్టములలోనే కలదు. 2007లో చేసి 2011 మార్చినుండి అమలుపఱచిన రోడ్డురవాణా చట్టము ప్రకారము, బాడుగకు అందఱి సరకును మోయు ట్రాన్స్‌పోర్టువారు రిజిస్ట్రీ చేసికొనవలెను, సరకు పుచ్చుకొన్నట్లు రసీదు ఇయ్యవలెను, రిజిస్ట్రీ పత్రములోని బరువును మించి ఎక్కింపరాదు. రైతు సరకు విలువను ముందుగా వ్రాయించి హెచ్చుబాధ్యతకు ఒప్పించుకొననిచో, సరకు చెడినను పోయినను దొరకునది బాడుగకు పదిరెట్లకు మించదు. దావా వేయదలచినవాడు సరకు అప్పగించిన 180 దినములలో వ్రాతమూలకమైన నోటీసు ఇయ్యవలెను. రసీదే లేనివాడు ఏ నోటీసు ఇచ్చును? తెల్లకాగితము మీద లారీనంబరు గీకి ఇచ్చిన దానిని జేబులో పెట్టుకొని వచ్చుట మనకు అలవాటు.

డ్రైవరు నిద్ర సంగతియు నిట్లే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనియే విధించినను, అది ముఖ్యముగా అయిదుగురు, అంతకు మించి పనివారు గల సంస్థల కుద్దేశించినది. 2025 నవంబరులో దాని స్థానమున క్రొత్త కార్మికస్మృతి అమలునకు వచ్చినది. ఒక్క లారీ పెట్టుకొని తానే నడుపుకొనువాడు రాత్రియంతయు మేలుకొన్నాడో లేదో అడుగు దిక్కు నేటికిని లేదు. "తెల్లవారు మండీకి అందవలెను" అని అతనిని తొందరపెట్టువారము మనమే.

కావున మన సంఘము తరపున సరకు ఎత్తునప్పుడు కొన్ని నియమములు పెట్టుకొనవలెనని సూచించుచున్నాను. లారీ వచ్చిన వెంటనే దాని నంబరును సెల్‌ఫోనులో ఎమ్‌పరివాహన్ నందు వేసి ఫిట్‌నెస్సు, బీమా గడువులు చూచుట గుమాస్తాకు ఐదు నిమిషముల పని. గడువు తీరిన బండిని త్రిప్పి పంపవలెను. బాడుగ టన్నుల లెక్కన కుదుర్చవలెను. ఎక్కించిన పిదప కాటా తూకపుచీటీని సంఘపు దస్త్రములో అంటింపవలెను. కూలీలను మరల ఇంటికి చేర్చు ఆటో బాడుగను సరకు ఖర్చులో ముందే చేర్చవలెను. దీనివలన క్వింటాలునకు కొన్ని రూపాయలు హెచ్చును. ఆ హెచ్చును ఒంటరిరైతు భరింపలేడనుట నిజము. పదిమంది సరకు కలిపి రెండు లారీలు సరిగా నింపినచో అది చాలవఱకు తగ్గును. సంఘమున్నది అందులకే గదా.

సర్కారువారిని అడుగవలసినది కూడ కలదు. కాయలు, కూరలు, గెలలవంటి చెడిపోవు సరకుతో వచ్చు లారీకి బరువు, కాగితములు సరిగానున్నచో గంటల తరబడి నిలుపక పంపు ఏర్పాటు. జమ్మలమడుగు వైపున పనిచేయు కాటా. ఏ ట్రాన్స్‌పోర్టు రిజిస్ట్రీలో నున్నదో, ఎవరి పేర ఎన్ని ప్రమాదములు నమోదైనవో తెలుపు పట్టిక ప్రొద్దుటూరి రవాణాకార్యాలయపు గోడమీద. జిల్లాలలో కలెక్టరుగారి యధ్యక్షతన రోడ్డుభద్రతా కమిటీలు పనిచేయుచున్నవి. రాబోవు మహాజనసభలో ఈ మూడు కోరికలను తీర్మానముగా వ్రాసి, సభ్యుల సంతకములతో ఆ కమిటీకి పంపుటకు అనుమతి వేడుచున్నాను. నియమముల చిత్తుప్రతి సంఘకార్యాలయమున నుంచబడినది. చూడగోరువారు సభకు ముందుగనే వచ్చి చదివి, తమ యభ్యంతరములను వ్రాసియిచ్చిన సభలో కాలము కలిసివచ్చును.