షరతు ముందు చెప్పండి!

"వస్తే మార్కులు వేయి, రాకపోతే ఆబ్సెంట్ అని రాయి." తెలుగులో ఎవరైనా ఇలాగే చెప్తాం. ఇదే మాటని పైథాన్‌లో ఒక్క లైన్‌లో రాయాలంటే మాత్రం 'మార్కులు ఇఫ్ హాజరు ఎల్స్ ఆబ్సెంట్' అనాలి. షరతు మధ్యలో ఇరుక్కుంటుంది. రన్ చేసేటప్పుడు పైథాన్ ముందు చూసేది ఆ మధ్యలో ఉన్న షరతునే. తర్వాతే ఎడమకో కుడికో వెళ్తుంది. అంటే మనం చదివే వరస ఒకటి, అది పనిచేసే వరస ఇంకొకటి. ఇది మారాలని నా అభిప్రాయం.

ఈ రూపం ఊరికే రాలేదు. అంతకుముందు చాలామంది 'హాజరు అండ్ మార్కులు ఆర్ ఆబ్సెంట్' అనే చిట్కా వాడేవాళ్లు. పైథాన్ లెక్కలో సున్నా అంటే ఫాల్స్ కిందే లెక్క. కాబట్టి పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడు కూడా ఆబ్సెంట్ అయిపోతాడు! ఇలాంటి తప్పులు ఆపడానికే 2003లో పెప్ 308 అనే ప్రతిపాదన వచ్చింది. ఓటింగ్‌లో ఏ రూపమూ స్పష్టంగా గెలవలేదు. చివరికి పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ ఇప్పుడున్న రూపాన్ని ఎంచుకున్నారు. 2006లో వెర్షన్ 2.5తో అది మన చేతికొచ్చింది.

మామూలుగా జరిగేది ముందు, అరుదుగా జరిగేది చివర ఉంటే చదవడానికి బాగుంటుందని అప్పట్లో చెప్పిన కారణం. హాజరు విషయంలో సరే. మరి సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నచోట ఏది మామూలు, ఏది అరుదు? పైగా పైథాన్‌లోనే మామూలు ఇఫ్ స్టేట్‌మెంట్ షరతుతోనే మొదలవుతుంది.

అందుకే 'ఇఫ్ హాజరు దెన్ మార్కులు ఎల్స్ ఆబ్సెంట్' అని రాసే వీలు కూడా ఉండాలి. ఇది కొత్త కోరికేం కాదు. ఆల్గాల్ 60లోనే ఉంది, హాస్కెల్‌లో ఇప్పటికీ ఉంది. 'దెన్' అనే పేరుతో వేరియబుల్స్ ఉన్న పాత కోడ్ పాడవుతుందంటారా? 2021లో వెర్షన్ 3.10లో 'మ్యాచ్', 'కేస్' వచ్చినప్పుడు వాటిని అవసరమైన చోట మాత్రమే కీవర్డ్స్‌గా గుర్తించారు. దీనికీ అలాంటి దారే వెతకొచ్చు. ఒకే పనికి రెండు పద్ధతులెందుకంటారా? స్ట్రింగ్ ఫార్మాటింగ్‌కి ఇప్పటికే మూడు ఉన్నాయి.

అది వచ్చేదాకా ఒక చిన్న మనవి. ఒకే లైన్‌లో రెండు మూడు షరతులు కుక్కకండి. హాయిగా నాలుగు లైన్ల ఇఫ్ రాయండి. రేపు వైవాలో దాన్ని చదివి చెప్పాల్సింది మనమే కదా!