నీళ్లు మళ్లినయి, బురద మళ్లలే

మన సంగారెడ్డి చేన్ల మట్టి ఎంత దూరం పోతదో ఎరికేనా? వానకు కోసుకపోయిన మట్టి వాగుల పడ్తది, వాగుకెల్లి మంజీరల పడ్తది. మంజీర కందకుర్తి కాడ గోదావరిల కలుస్తది. నిజాంసాగర్, శ్రీరాంసాగర్ కట్టకముందు గా మట్టి బంగాళాఖాతం దాక పోయేది. సముద్రం అడుగున పొర మీద పొర పేరుకునేది.

2006ల గ్యాస్ నిల్వలు దేవులాడనీకి కేంద్ర సర్కారు మన తూర్పు తీరంల ఓడతోని సముద్రం అడుగున బోర్లు ఏయించింది. గోదావరి కలిసే తావుకు దగ్గర్ల, సుమారు 1,270 మీటర్ల నీళ్ల కిందికెల్లి తీసిన మట్టిని సైంటిస్టులు పొర పొర చదివిండ్రు. ఆకుల మీద ఉండే మైనం గా మట్టిల వేల ఏండ్లు చెడిపోకుంట ఉంటది. ఏ కాలంల ఎసొంటి చెట్లు ఉండెనో అదే చెప్తది. సముద్రపు సన్నజీవుల గుల్లలు ఇంకో సాక్ష్యం. వానలు తగ్గి నదినీళ్లు తక్కువైతే సముద్రం పైనీళ్లు ఉప్పెక్కుతయి, గుల్లల ఆక్సిజన్ల ఆ తేడా దొరుకుతది. 2012ల అచ్చయిన ఆ పరిశోధన ఏం చెప్పిందంటే, సుమారు 4,000 ఏండ్ల కిందికెల్లి గోదావరి నేల ఎండుకుంట వచ్చింది. 1,700 ఏండ్ల కిందటికి కరువుకు ఓర్చే చెట్లే ఎక్కువైనయి.

రాజులు రాయించని ముచ్చట బురద రాసిపెట్టింది. మరి మన కాలం ముచ్చట ఏ బురదల ఉన్నది? ఇస్కవాగుల, నక్కవాగుల, కాజిపల్లి చెరువుల ఉన్నది.

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఇడిసిన నీళ్లను స్వీడన్ సైంటిస్టులు పరీక్ష చేసి 2007ల లెక్క బయటపెట్టిండ్రు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్! మందు మింగినోళ్ల రక్తంల గూడ గంత ఉండదు. 2011ల అచ్చయిన పరిశోధనల ఆ దిగువ వాగు బురదను చూస్తే, మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు మస్తుగ దొరికినయి. శుద్ధి కేంద్రం నీళ్లను పైపులైన్ల అంబర్‌పేటకు మళ్లించిండ్రు. అడుగున పేరుకున్న బురదను మళ్లించినోళ్లు లేరు.

ఇది ఉత్త చదువు ముచ్చట కాదు. చెరువు పూడికమట్టి పొలంల తోలుకునుడు మన తాతల నాటి అలవాటు, మంచి అలవాటు. 2015ల మిషన్ కాకతీయ గూడ గదే చెప్పింది. గని కంపెనీల కింది చెరువుల పూడికల ఏమున్నదో చూడకుంట తోలుకుంటే, వాగు విషం పంటచేనుకు వస్తది.

నేను అడిగేది ఒక్కటే. సముద్రం అడుగున చేసిన పని మన చెరువుల చెయ్యుండ్రి. చెరువు అడుగుల పైపు దింపి మట్టి తియ్యాలె. సీసం-210 లెక్కతోని ఏ పొర ఏ ఏడుదో తేల్చాలె. గప్పుడు ఏ ఏండ్ల ఏ మందులు, ఏ లోహాలు పడ్డయో తెలుస్తది. ఆ ఏండ్ల ఎవలు ఏం తయారు చేసిండ్రో సర్కారు కాగితాలల్ల ఉండనే ఉంటది. రెండు పక్కపక్కన పెడితే జవాబు చెప్పేటోళ్లు దొరుకుతరు.

ఫోన్ల చూసి ఊకుంటే కాదు. గ్రామసభల తీర్మానం పెట్టుండ్రి: పరీక్ష కాకుంట పూడిక తియ్యొద్దు, ఫలితం తెలుగుల పంచాయితీ గోడకు అంటియ్యాలె. కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు దరఖాస్తు ఏసి అడుగుండ్రి: మా చెరువు బురదను ఎన్నడు పరీక్ష చేసిండ్రు, ఏం తేలింది?