కొండబాటకూ మోతాదు ఉంది

విశాఖ తీరంలో నివసించేవారికి ప్రకృతి రెండు వరాలు ప్రసాదించింది. ఒకవైపు సముద్రం, మరొకవైపు తూర్పు కనుమల కొండలు. సింహాచలం, కంబాలకొండ, తొట్లకొండ, బావికొండ వంటివన్నీ ఇంటి నుండి పూటలో వెళ్లిరాగల స్థలాలే. ఆదివారం వచ్చిందంటే కుటుంబాలతో సహా ఈ బాటలు పట్టేవారిని చూసి వైద్యునిగా నేను ఆనందిస్తున్నాను. అయితే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. అది నా పొరపాటు నుండి పుట్టినది గనుక దాచక చెబుతున్నాను.

మా గురువుగారు ఓషధులను ఇంట్లో కూర్చోబెట్టి పరిచయం చేసేవారు కారు. తెల్లవారకముందే మమ్మల్ని సింహాచలం కొండబాట పట్టించేవారు. నల్లేరు రాతి సందులలో ఎలా పాకుతుందో, సుగంధిపాల ఏ నీడన దొరుకుతుందో, ఉత్తరేణి ఏ ఋతువులో వెన్ను వేస్తుందో మేము నడిచే నేర్చుకున్నాము. ఆయన నియమం ఒక్కటే. శిష్యులలో మిక్కిలి బలహీనుడు ఎవడో, అతని నడకే అందరి నడక. ఆ నియమంలోని వైద్యం నాకు చాలాకాలానికి గాని బోధపడలేదు.

కొన్నేళ్ల క్రితం యాభై దాటిన ఒక ఉద్యోగి మధుమేహంతో నా వద్దకు వచ్చారు. భీమిలి రోడ్డు పక్క కొండబాటలో ప్రతి ఉదయం పాదరక్షలు లేకుండా నడవమని సలహా ఇచ్చాను. అందుకు శాస్త్రాధారం లేకపోలేదు. ధనం లేని ప్రమేహరోగి చెప్పులు, గొడుగు విడిచి, మునివలె నూరు యోజనాలు నడవాలని సుశ్రుత సంహిత చెబుతోంది. ఆయన నా మాటను శ్రద్ధగా పాటించారు. మూడవ వారంలో ఆయన అరికాలిలో పల్లేరు ముల్లు దిగింది. దిగిన సంగతి ఆయనకు తెలియలేదు. నొప్పి తెలిసే శక్తి ఆ పాదంలో ఏనాడో నశించింది. నా వద్దకు వచ్చేసరికి పుండు లోపలికి పాకింది. వెంటనే ఆసుపత్రికి పంపాను. కాలు దక్కింది గాని ఒక వేలు పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

ప్రమేహ పూర్వరూపాలలో చేతులు, పాదాల తిమ్మిరి, మంట ఉంటాయని మా గ్రంథాలే చెబుతున్నాయి. పాదరక్షల ధారణ మేలు చేస్తుందని చరకుడు దినచర్యలో చెప్పాడు. ఇవన్నీ కంఠస్థం చేసిన నేను ఆ రోజు నాడి చూశాను, పాదం చూడలేదు. గ్రంథంలో ఒక వాక్యం పట్టుకుని తక్కినవి మరచిన వైద్యం వైద్యం కాదు.

అందుచేత నేను కొండబాటను ఔషధంగానే పరిగణించమంటాను. ఔషధానికి మాత్ర, కాలం, పథ్యం ఉన్నట్లే దీనికీ ఉన్నాయి. వ్యాయామం అర్ధశక్తితో చేయమని పూర్వులు చెప్పారు. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసి వచ్చిందంటే అర్ధశక్తి అయినట్లే. అక్కడ ఆగాలి. శీతకాలంలో, వసంతంలో ఈ మోతాదు సరిపోతుంది. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలి. తీరప్రాంతపు ఉక్కలో చెమట త్వరగా ఆరదు, ఒంటి వేడి తగ్గదు. ఎండ ముదరకముందే దిగిరావడం మేలు.

ఏడాది పొడవునా కుర్చీలో కూర్చుని, ఆషాఢ పౌర్ణమికి సింహాచల గిరిప్రదక్షిణ పేరిట సుమారు 32 కిలోమీటర్లు ఒక్కసారిగా నడిచి, మోకాళ్లు పట్టుకుని వచ్చేవారిని ఏటా చూస్తున్నాను. భక్తిని నేను కాదనను. రెండు నెలల ముందు నుండి సాధన చేయమంటాను. మొదట తొట్లకొండతో ఆరంభించండి. అది సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తే. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. బౌద్ధ భిక్షువులు నివసించిన ఆ కొండపై కూర్చుని సముద్రాన్ని చూస్తే మనస్సుకు కలిగే నెమ్మది ఏ లేహ్యంతోనూ రాదు. కంబాలకొండ అభయారణ్యం. అక్కడ చిరుతలు కూడా ఉన్నాయి. అటవీశాఖ అనుమతించిన బాట దాటవద్దు, ఒంటరిగా వెళ్లవద్దు, ఓషధి కనబడిందని వేరుతో పెకలించవద్దు.

పార్కులోని సిమెంటు బాట చాలదా అని కొందరు అడుగుతారు. నడకకు చాలును. కాని ఎత్తుపల్లాల నేల మీద మడమ, పిక్క, నడుము నిరంతరం సర్దుకుంటాయి. ఆ అభ్యాసం తప్పినందువల్లనే పెద్దవారు గడప తట్టుకుని పడిపోతున్నారు. మోకాళ్ల నొప్పులున్నవారు దిగేటప్పుడు చేతికర్ర వాడటానికి సిగ్గుపడనక్కరలేదు. ఛాతీలో బిగువు, ఎడమ చేయి లాగడం, కళ్లు తిరగడం కనిపిస్తే నడక ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. కషాయాల కోసం ఇంటికి రాకూడదు.

మధుమేహం ఉన్నవారు కాలిని పూర్తిగా కప్పే బూట్లు, నూలు మేజోళ్లు ధరించి, వేసుకునే ముందు బూటు లోపల చేతితో తడిమి చూసుకోవాలి. ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాళ్లు ఇంట్లో ఎవరిచేతనైనా చూపించుకోవాలి. ఇన్నేళ్లుగా గృహవైద్యాలు చెప్పిన నేనే చెబుతున్నాను. మధుమేహి పాదం మీది పుండుకు పసుపు ముద్ద కట్టి ఎదురుచూడటం తగదు. ఆ రోజే వైద్యునికి చూపించాలి.

ఇప్పుడు నేను ఎవరికి కొండబాట చెప్పినా, ముందుగా వారి చెప్పులు విప్పమంటాను. నాడి తరువాత చూస్తాను.