లాంచీ మీద డీజే ఎవరి కోసం?

పాపికొండల టూర్ అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "లైఫ్ జాకెట్లు ఇస్తారా?" అని. మంచి ప్రశ్నే, కాదనను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠని మర్చిపోయిన తెలుగువాడు ఉండడు. యాభై మంది దాకా పోయారు. అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని పైకి లాగేదాకా అందరం టీవీలకి అతుక్కుపోయాం. అయితే ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని ఇంతవరకూ ఏ టూరిస్టూ అడగ్గా నేను వినలేదు.

"జనరేటర్ ఎక్కడ పెట్టారు? దాని పెట్రోలు ఎక్కడ దాచారు?"

నవ్వకండి. నాలుగేళ్ళు ట్రిపులీ చదివి ప్రస్తుతం జావా రాసుకుంటున్నవాణ్ణి కాబట్టి ఇలాంటివి కంట్లో పడతాయి. చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా: లాంచీల మీద పెద్ద పెట్రోలు జనరేటర్ ఉండటానికి అసలు కారణం మనమే. అంటే శుక్రవారం రాత్రి హైదరాబాదులో బస్సెక్కి, శనివారం గోదావరి మీద తీన్మార్ వేసే మన ఐటీ జనం. ఆ జనరేటర్ ఉండకూడని చోట ఉండటానికి కారణం కూడా మనమే.

తెలియనివాళ్ళకి కాస్త భూగోళం. భద్రాచలం వైపు నుంచి వెళ్తే అరవై కిలోమీటర్ల పైన అడవి దారిలో ప్రయాణించి వి.ఆర్. పురం మండలం పోచవరం రేవులో లాంచీ ఎక్కాలి. ఈ మండలం ఒకప్పుడు మా ఖమ్మం జిల్లాలోదే. 2014లో మిగతా పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రకి వెళ్ళింది. అక్కణ్ణించి పేరంటాలపల్లి దాకా రెండు వైపులా కొండలూ అడవీ. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మళ్ళీ రేవుకి రావాలి, అక్కణ్ణించి మళ్ళీ ఆ అడవి దారే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఇప్పుడు లెక్క. లాంచీలో కరెంటు దేనికి కావాలి? పాత రకం ఫ్యాన్లు ఎనిమిది, ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 600. ఎల్‌ఈడీ దీపాలు పది, 90. ఫోన్ ఛార్జింగులకి ఓ 200. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ 200 (కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది). ఇక మన డీజే బాక్సులు, తక్కువలో తక్కువ 1500. అన్నీ కలిపితే 2600 వాట్లు. పైన ఆ స్టార్టింగ్ కరెంటు. ఎందుకైనా మంచిదని లాంచీ ఓనరు 5 కేవీఏ పెట్రోలు జనరేటర్ కొంటాడు. ఆయన తప్పేముంది? డీజే లేదంటే బుకింగ్ పక్క లాంచీకి పోతుంది మరి.

5 కేవీఏ మామూలు జనరేటర్ అంటే గోల. 50 హెర్ట్జ్ రావాలంటే ఆ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూనే ఉండాలి, ఒక్క బల్బు వేసినా, పది బాక్సులు పెట్టినా. ఆ చప్పుడు మనకి పడదు. "అన్నా, ఆ జనరేటర్ కొంచెం దూరంగా పెట్టండన్నా, పాట వినబడట్లేదు" అంటాం. లాంచీలో దూరం ఎక్కడుంటుంది? కింది డెక్కులో, వెనకాల, వంటగది పక్కన ఓ మూల. ఇంకా చప్పుడొస్తే దాని చుట్టూ టార్పాలిన్ కట్టేస్తారు. చప్పుడు తగ్గుతుంది, అందరూ హ్యాపీ. పొగ మాత్రం ఎక్కడికీ పోలేదు, మనతోనే ఉంది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌తో కంటే దీనితో రెండొందల రెట్లకు పైగా చుట్టరికం. చిన్న పెట్రోలు ఇంజన్లలో ఇది విపరీతంగా వస్తుంది, ఎందుకంటే కార్లకున్నట్టు వీటిలో చాలావాటికి కెటాలిటిక్ కన్వర్టర్ ఉండదు. అమెరికాలో ప్రభుత్వం వాళ్ళు జనరేటర్‌ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టమని మొత్తుకుంటారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు గరాజుల్లో జనరేటర్లు పెట్టుకుని ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో, ఎంతమంది ప్రాణాలే పోగొట్టుకున్నారో డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్ళని అడగండి. లాంచీలో 20 అడుగుల దూరం కావాలంటే జనరేటర్‌ని గోదాట్లో పెట్టాలి!

"నది మీద అంత గాలి వీస్తుంటే పొగ నిలుస్తుందా?" అంటారు. నిలుస్తుంది. పడవ ముందుకి పోతున్నప్పుడు దాని వెనక గాలి సుడి తిరుగుతుంది. వెనక వదిలిన పొగని ఆ సుడి మళ్ళీ లోపలికి లాక్కొస్తుంది. చలి అనో ఎండ అనో పక్కల పరదాలు దించితే ఇక చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ అనే పెద్ద జలాశయంలో ఒక హౌస్‌బోటు వెనక ఈత కొడుతున్న ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, జనరేటర్ పొగకి చనిపోయారు. ఆరుబయట, నీళ్ళలో! బోటు వెనక చెక్క కింద ఉన్న ఖాళీలోకి ఆ పొగ గొట్టం పెట్టారు. దాని మీద అక్కడి ప్రభుత్వ పరిశోధకులు పని చేశాకే హౌస్‌బోట్ల తయారీదార్లు పొగ గొట్టాలు ఎక్కడ పెట్టాలన్నది మళ్ళీ ఆలోచించారు.

మా టీమ్ వెళ్ళినప్పటి సంగతి చెప్తా. కింది డెక్కులో వెనకవైపు కూర్చున్నవాళ్ళలో నలుగురికి తలనొప్పి, ఒక కొలీగ్ వాళ్ళ పాపకి వాంతులు. "ఘాట్ రోడ్డు పడలేదు" అన్నారొకరు. "పొద్దున ఉప్మాలో నూనె ఎక్కువైంది" అన్నారింకొకరు. పాపని పై డెక్కుకి తీసుకెళ్ళాక గంటలో తేరుకుంది. అది ఘాట్ రోడ్డు వల్లే కావచ్చు, కాకపోవచ్చు. అసలు చిక్కే అది. కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలు తలనొప్పి, తిప్పడం, వాంతి, నీరసం. అంటే బస్సు ప్రయాణపు లక్షణాలే. తేల్చి చెప్పాలంటే మీటర్ కావాలి. రెండు మూడు వేలు పెడితే బ్యాటరీతో పనిచేసే అలారం వస్తుంది. ఆ లాంచీలో అది లేదు, డిస్కో లైట్లు మాత్రం రెండు రకాలున్నాయి.

ఇక పెట్రోలు. జనరేటర్ ఆరేడు గంటలు ఆడాలంటే టాంకులో ఉన్నది చాలదేమోనని పక్కన ఓ డబ్బా ఉంటుంది. నేను చూసింది మంచినీళ్ళ ప్లాస్టిక్ క్యాను, మూతకి గుడ్డ చుట్టి. మన 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారమే లైసెన్సు లేకుండా సొంత వాడకానికి దాచుకునే పెట్రోలు 30 లీటర్లు మించకూడదు. గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా కావాలి, అదీ 25 లీటర్లలోపు. తొంభై ఏళ్ళ కిందటి తెల్లదొరలకి ఉన్న భయం కూడా మనకి లేదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. రోడ్డు మీదయితే చెదిరిపోతుంది. పడవలో అయితే దిగి అడుగున, నీళ్ళు చేరే చోటే చేరి కూర్చుంటుంది. గ్యాస్ సిలిండర్ లీకైనా అంతే, అదీ బరువే. పైన వంట పొయ్యి, పక్కన వేడెక్కిన సైలెన్సర్, కింద పెట్రోలు ఆవిరి. ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. 2018 మే 11న దేవీపట్నం దగ్గర టూరిస్టుల బోటు నది మీదే తగలబడింది. ఒడ్డుకి చేర్చగలిగారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నాలుగు రోజులకే మంటూరు దగ్గర లాంచీ మునిగి జనం పోయేసరికి మంటల సంగతి అందరూ మర్చిపోయారు.

"ఇన్నేళ్ళూ ఏం కాలేదు కదా" అనేవాళ్ళకి ఒక్కటే జవాబు. "నా మెషీన్లో బానే పనిచేస్తోంది" అని టెస్టింగ్ వాళ్ళతో మనం చెప్పే మాటకీ దీనికీ తేడా లేదు. కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు.

"పడవవాళ్ళు బతకొద్దా?" అనేది ఇంకో వాదన. బతకాలి, అందుకే ఈ లెక్క కూడా చూడండి. డీజే తీసేద్దాం. ఫ్రిజ్ బదులు ఐసు పెట్టె. ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకం. అప్పుడు ఫ్యాన్లకి 240, దీపాలకి 90, గైడు మైకుకి 100, ఫోన్లకి 100, మొత్తం 530 వాట్లు. ఆరు గంటలకి 3.2 యూనిట్లు, ఇన్వర్టర్ నష్టాలతో మూడున్నర. ఒక్క 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదు యూనిట్లుంటాయి. యాభై కిలోల లోపు బరువు. పొగ లేదు, పెట్రోలు లేదు, చప్పుడు అసలే లేదు. రాత్రి రేవులో ఛార్జి చేసుకోవచ్చు. లాంచీ ఇంజను ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని ఆల్టర్నేటర్‌తోనూ ఎక్కించుకోవచ్చు (మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి, లేకపోతే లిథియం బ్యాటరీ లాగే కరెంటుకి ఆల్టర్నేటర్ కాలిపోతుంది).

ఖరీదు లక్ష పైమాటే, ఒప్పుకుంటా. కానీ 5 కేవీఏ జనరేటర్ గంటకి లీటరున్నర తాగుతుందనుకుంటే ఆరు గంటలకి తొమ్మిది లీటర్లు. లీటరు వంద రూపాయలేసుకున్నా రోజుకి తొమ్మిది వందలు. వంద రోజుల సీజన్‌కి తొంభై వేలు. రెండు సీజన్లలో బ్యాటరీ డబ్బులు వచ్చేస్తాయి.

జనరేటరే వద్దనటం లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటప్పుడు కరెంటు లేని ఊళ్ళో జనరేటర్ దేవుడే. లాంచీలో కూడా అత్యవసరానికి చిన్నది ఒకటి ఉండనివ్వండి. కానీ ఇలా:

1. అవసరమైన వాట్లు లెక్కేసి కొనాలి. 2 కేవీఏ ఇన్వర్టర్ రకం చాలు. లోడు తగ్గితే ఇంజను వేగం తగ్గుతుంది, చప్పుడూ పెట్రోలూ తగ్గుతాయి.

2. నడిస్తే ఓపెన్ డెక్కు మీదే నడవాలి, పొగ గొట్టం నది వైపు ఉండాలి. వీలైతే లాంచీ రేవులో కట్టేశాక ఒడ్డున పెట్టి నడపటం ఇంకా మేలు. టార్పాలిన్ కట్టారంటే ఆపేయాల్సిందే. జనం కూర్చునే చోట అలారం ఉండాలి.

3. పెట్రోలు ఇనుప డబ్బాలో, బయట, నీడలో, వంటకి దూరంగా. వేడి మీదున్న ఇంజనులో పోయకూడదు, చల్లారాక, జనం దిగాక పోయాలి.

4. వరదల కాలంలో లాంచీలు ఆగిపోతాయి, జనరేటర్ కూడా నెలల తరబడి మూలనపడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది తేమని పీల్చుకుంటుంది, గోదావరి ఒడ్డున తేమకి కొదవా? టాంకు ఖాళీ చేసి, పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడపాలి. తర్వాత లాంచీలోంచి దించి ఒడ్డున, జనం పడుకోని చోట పెట్టాలి.

అధికారులు చూసుకోవాలి కదా అంటారా? చూసుకోవాలి. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. ఇంజనూ జాకెట్లూ చూసే అధికారి ఈ పోర్టబుల్ జనరేటర్‌ని కూడా లాంచీలో భాగంగానే చూడాలి. "అది సామానులెండి" అంటే కుదరదు. కానీ అధికారి రేవులో చూసి పోతాడు, ఆ తర్వాత వెనక మూలకి నెట్టించేది మనమే.

ఈ చలికాలం టీమ్ ఔటింగ్ ప్లాన్ చేస్తున్నవాళ్ళు బుక్ చేసే ముందు ఫోన్లో మూడు మాటలు అడగండి. జనరేటర్ ఎక్కడుంటుంది? పెట్రోలు దేంట్లో దాస్తారు? డీజే లేకుండా వస్తే ఎంత తగ్గిస్తారు? పది టీములు మూడో ప్రశ్న అడిగితే చాలు, లాంచీ ఓనర్లే బ్యాటరీల కోసం వెతుక్కుంటారు. పాటలు హైదరాబాదులో కూడా వినొచ్చు. గోదావరి అక్కడే ఉంది.