నలుగురూ ఏమనుకుంటారు?

మనిషి నమ్మే విలువ ఒకటి, సంఘం విధించే కట్టుబాటు మరొకటి. రెండూ ఏకమైనచోట జీవితం సాఫీగా సాగుతుంది. అవి ఎదురెదురుగా నిలిచినప్పుడే దేని బలమెంతో తెలుస్తుంది.

హిందూ వితంతువుల పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. దానిని కోరుతూ కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పంపిన అర్జీపై సంతకాలు వెయ్యికి లోపే. వ్యతిరేకిస్తూ రాధాకాంత దేవ్ వర్గం పంపిన దానిపై ముప్పై వేలకు పైనే. అయినా చట్టం వచ్చింది. కాని కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ 25 సంవత్సరాలు గడచిపోయాయి.

ఇంతకాలం అడ్డు నిలిచినది న్యాయస్థానం కాదు. ఆ పెళ్ళినాడు బంధువులు దూరమయ్యారు. వంటవారు, నీళ్ళు మోసేవారు పని మానుకున్నారు. పంతులుగారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుండి స్వయంగా నీళ్ళు మోసి తెచ్చి వంట చేశారు. కట్టుబాటుకు చెరసాల అక్కరలేదు. ఇరుగుపొరుగు మొగం చాటేస్తే చాలు.

అలా మొగం చాటేసేవారందరూ దానిని మనసారా నమ్మినవారే కానక్కరలేదు. ఇంట పసి వితంతువును చూచి లోలోన కుమిలే తండ్రి కూడా నలుగురికీ జంకి వెనుదీస్తాడు. ఆ నలుగురిలో ప్రతి ఒక్కడూ తక్కినవారిని చూచి అలాగే జంకుతూ ఉండవచ్చునని అతనికి తోచదు.

అంతమాత్రాన కట్టుబాట్లన్నీ త్యాజ్యాలు కావు. చావు జరిగిన ఇంటికి వీధి వీధంతా కదలి రావడమూ కట్టుబాటే. దేనిని నిలుపుకోవాలి, దేనిని విడనాడాలి అన్నది తేల్చుకోవడానికి ఒక ప్రశ్న ఉపకరిస్తుంది: దాని భారం మోసేది ఎవరు? అందరూ తలా కొంత మోసేది మర్యాద. కాదనే హక్కు లేనివారి నెత్తినే పడేది అన్యాయం. ఊహ తెలియని పసిపిల్లకు పెళ్ళి చేసి, ఆ పెళ్ళి పేరిటనే ఆమెను జీవితాంతం శిక్షించడం రెండవ కోవకు చెందినది.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం మాత్రం నేటికీ పోలేదు. కూతురి పెళ్ళిలో దానిని దురాచారమని నిందించిన తండ్రే కొడుకు పెళ్ళిలో లాంఛనమంటాడు. విద్యాసాగరుని కుమారుడు 1870లో ఒక వితంతువును వివాహమాడాడు. లోకానికి బోధించిన మాట తన గడపలో అడుగుపెట్టినప్పుడు ఆ తండ్రి వెనుకాడలేదు. విలువకు పరీక్ష అక్కడే.

నలుగురి మాటకు జంకేవాడు, ఇతరుల లెక్కలో తానూ ఆ నలుగురిలో ఒకడేనని మరువరాదు.